రాత్రి రెండింటికి తిరిగిన మోటారు: అరసవల్లి లాడ్జిలో సోలార్ వేణ్నీళ్ళ కంట్రోలర్

శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో ఒక చిన్న లాడ్జి. పన్నెండు గదులు. వారమంతా సగం ఖాళీగానే ఉంటుంది. శనివారం సాయంత్రానికి నిండిపోతుంది. సూర్యనారాయణస్వామి గుడికి ఆదివారం దర్శనానికి వచ్చేవాళ్ళు తెల్లవారుజామున 4 గంటలకే స్నానాలు మొదలుపెడతారు. లాడ్జికి సోలార్ ఉంది, హీటర్ ఉంది, ఆటోమేటిక్ కంట్రోలర్ కూడా ఉంది. అయినా ఆదివారం పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళే వచ్చేవి. కరెంటు బిల్లు మాత్రం సోలార్ లేని లాడ్జికి వచ్చినట్టే వచ్చేది. "మాస్టారూ, శనివారం వచ్చిందంటే నాకు టెన్షనే" అన్నాడు మేనేజరు.

ముందు అక్కడ ఏముందో చెప్తాను. డాబా మీద రెండేసి చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్ ప్యానెళ్ళు నాలుగు, దక్షిణం వైపు వాల్చి ఉన్నాయి. 500 లీటర్ల వేణ్నీళ్ళ ట్యాంకు మాత్రం డాబా మీద లేదు. శ్లాబు బరువు మోయదేమోనని భయపడి ఒక అంతస్తు కింద, మెట్ల పక్క గదిలో పెట్టారు. మామూలు ఇళ్ళలో ట్యాంకు ప్యానెల్ కన్నా ఎత్తులో ఉంటుంది. వేడెక్కిన నీళ్ళు వాటంతటవే పైకెక్కి ట్యాంకులోకి చేరతాయి, మోటారుతో పనే ఉండదు. ఇక్కడ ట్యాంకు కింద, ప్యానెల్ పైన. మోటారు తిరిగితేనే ప్యానెల్ వేడి ట్యాంకులోకి దిగుతుంది. అది ఎప్పుడు తిరగాలో చెప్పడం కంట్రోలర్ పని.

ఆ పని వినడానికి చాలా తేలిక. ప్యానెల్ దగ్గర ఒక సెన్సర్, ట్యాంకు అడుగున ఒక సెన్సర్. ప్యానెల్ కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే మోటారు ఆన్, తేడా తగ్గితే ఆఫ్. పది లైన్ల ప్రోగ్రాం. ఇంతకుముందు ఎవరో బిగించి వెళ్ళిన ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రాం బోర్డులో ఉన్నదీ అంతే.

నేను మొదట ప్రోగ్రాం ముట్టుకోలేదు. ఎస్‌డీ కార్డు ఉన్న చిన్న లాగర్ పెట్టాను. ప్యానెల్, ట్యాంకు పైభాగం, ట్యాంకు అడుగు, బయటి గాలి, ఈ నాలుగు ఉష్ణోగ్రతలతో పాటు మోటారు, హీటర్ ఎప్పుడు ఆన్ అయ్యాయో నిమిషానికోసారి రాసుకునేట్టు ఏర్పాటు చేశాను. ఈ పనిలో పాత కంట్రోలర్ డిస్‌ప్లేను నమ్మకూడదు. జబ్బు ఆ సెన్సర్‌లోనే ఉంటే డిస్‌ప్లే కూడా అబద్ధమే చూపిస్తుంది. అందుకని లాగర్‌కి నా సెన్సర్లు వేరుగా పెట్టాను.

లాగర్ కన్నా ముందే అసలు ఆచూకీ ఇచ్చింది అక్కడి వాచ్‌మన్. "రేతిరి రెండు గంటలకి పైన మోటారు తిరగతాది బాబూ. నాను చెవులారా ఇన్నాను" అన్నాడు. కరెంటు పని చేసేవాళ్ళు ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదట. ఎండ లేని వేళ సోలార్ మోటారు తిరగడమేమిటని నవ్వారట. కార్డులో చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొన్ని రాత్రుళ్ళు మోటారు ఒకసారి ఆన్ అయి, గంటల తరబడి తిరిగింది. ట్యాంకులోని వేడినీళ్ళను చల్లటి ప్యానెళ్ళలోకి తోసి, ఆకాశానికి వేడి పంచిపెట్టింది.

ఆ సమయంలో పాత కంట్రోలర్ ప్యానెల్ ఉష్ణోగ్రత ఎంతని చూపిస్తోందో వాచ్‌మన్ చేత ఫోన్‌లో ఫొటో తీయించాను. 85.0. డిసెంబరు రాత్రి రెండు గంటలకు!

ఆ కంట్రోలర్‌లో ఉన్న డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ వాడినవాళ్ళకు ఈ 85 చూడగానే విషయం తెలిసిపోతుంది. ఆ సెన్సర్‌కి కరెంటు అందగానే దాని మెమరీలో ఉండే మొదటి అంకె 85. అసలు ఉష్ణోగ్రత కొలవడానికి 12 బిట్ల రిజల్యూషన్‌లో దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ కొలత పూర్తికాకముందే చదివినా, కొలత మధ్యలో దానికి కరెంటు చాలక రీసెట్ అయినా 85 అనే చెబుతుంది. ఇక్కడ జరిగింది రెండోది. వైరు మిగులుతుందని సెన్సర్‌ని రెండు వైర్ల పద్ధతిలో కలిపారు. అంటే డేటా లైను నుంచే అది కరెంటు కూడా లాక్కోవాలి. కొలిచేటప్పుడు దానికి 1.5 మిల్లీఆంపియర్ల దాకా కావాలి. 5 వోల్టుల లైనులో 4.7 కిలోఓమ్‌ల రెసిస్టరు గుండా వచ్చేది 1 మిల్లీఆంపియరుకు కాస్త ఎక్కువ, అంతే. పగలు ఎలాగో నెట్టుకొచ్చేది. రాత్రి మంచు పడి, డాబా మీద టేపు చుట్టి వదిలేసిన జాయింటులో తేమ చేరగానే ఆ కాస్త కరెంటూ లీకయ్యేది. సెన్సర్ 85 దగ్గర ఆగిపోయేది. 85లోంచి ట్యాంకు 50 తీసేస్తే తేడా 35. ప్రోగ్రాం లెక్కలో తప్పేమీ లేదు, మోటారు ఆన్ చేసింది.

సగం సమస్య దొరికిందనుకున్నాం గానీ, మోటారు అసలు తిరగని రాత్రుళ్ళు కూడా ట్యాంకు చల్లబడుతూనే ఉంది. హీటర్‌ని మెయిన్ దగ్గరే ఆపించి చూస్తే, రాత్రి 9 నుంచి 4 లోపు పైభాగం 13 డిగ్రీలు పడిపోయింది. ఆ వేళలో ఎవరూ పెద్దగా నీళ్ళు వాడలేదు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. ఆ లెక్కన 500 లీటర్లలో 13 డిగ్రీలంటే ఏడున్నర యూనిట్ల వేడి ఎటో పోయినట్టు. పఫ్ (వేడిని ఆపే ఫోమ్) ఇన్సులేషన్ బాగున్న ట్యాంకు ఒక్క రాత్రిలో అంత పోగొట్టుకోదు.

కార్డులో ప్యానెల్ అంకె దగ్గర ఆగాను. బయట గాలి 18 డిగ్రీలు. మబ్బు లేని రాత్రి ప్యానెల్ అద్దం ఆకాశంలోకి వేడి వదులుతుంది కాబట్టి, అది గాలి అంత చల్లగా గానీ ఇంకాస్త చల్లగా గానీ ఉండాలి. కానీ నా సెన్సర్ 34 చూపించింది, అదీ మోటారు ఆగి ఉండగా. అంటే నీళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ట్యాంకులో వేడినీళ్ళు తేలికై పైనున్న ప్యానెల్‌కి ఎక్కుతున్నాయి, అక్కడ చల్లారి బరువెక్కి రెండో పైపులోంచి కిందికి దిగుతున్నాయి. ఇది జరగకుండా ఆపాల్సింది ఎన్ఆర్‌వీ, అంటే నీళ్ళను ఒక వైపుకే పోనిచ్చే వాల్వు. ప్లంబరు చేత విప్పిస్తే లోపలి ఫ్లాపు కింద తెల్లటి సున్నపు పొర గట్టిపడి, రెండు మిల్లీమీటర్ల సందు ఉండిపోయింది. బోరు నీళ్ళ మహిమ. ఏ ప్రోగ్రామూ ఈ సందును మూయలేదు. స్ప్రింగు ఉన్న కొత్త వాల్వు వేయించి, దాని పక్కన విప్పి శుభ్రం చేసుకోవడానికి వీలుగా యూనియన్లు పెట్టించాను.

మూడోది హీటర్. ట్యాంకు అడుగున 3 కిలోవాట్ల రాడ్, దాని థర్మోస్టాట్ 60 దగ్గర, ఇరవైనాలుగు గంటలూ ఆన్. రాత్రి పోయిన వేడినంతా అది తెల్లారేలోపు కరెంటుతో నింపడానికి చూసేది. నింపగలిగిన రోజున ట్యాంకు పైనుంచి అడుగుదాకా 60 ఉండేది. ఉదయం 8 గంటలకు ఎండ వచ్చేసరికి ప్యానెల్‌కి చేయడానికి పని మిగిలేది కాదు. లాడ్జికి సోలార్ ఉన్నా, సోలార్ వేడి వేసుకోవడానికి ట్యాంకులో చోటే ఉండేది కాదన్నమాట. పైగా 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. దాన్ని 10 ఆంపియర్ల నీలం రంగు రిలే మాడ్యూల్‌కి (కంట్రోలర్ చెప్పినట్టు ఆన్, ఆఫ్ చేసే స్విచ్చికి) నేరుగా తగిలించారు. దాని కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. కంట్రోలర్ ఆఫ్ అని చూపిస్తున్నా హీటర్ ఆగట్లేదు. రాడ్ థర్మోస్టాట్ ఒక్కటే ఇన్నాళ్ళూ కాపాడింది. ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా ఆ థర్మోస్టాట్‌ని సిరీస్‌లోంచి తీసేయకూడదు. కొందరు "ఇంకెందుకు సార్" అని తీసేస్తుంటారు.

ఇక కొత్త కంట్రోలర్.

ప్యానెల్‌కి డీఎస్18బీ20 పనికిరాదు. అది తట్టుకునేది 125 డిగ్రీల వరకే. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగితే, ఖాళీగా ఎండలో కాగే ఫ్లాట్ ప్లేట్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పీవీసీ వైరు అయితే ఇంకా ముందే మెత్తబడిపోతుంది. అక్కడ సిలికాన్ వైరుతో పీటీ1000 (వేడినిబట్టి రెసిస్టెన్స్ మారే ప్లాటినం సెన్సర్) పెట్టాను, దాన్ని చదవడానికి మ్యాక్స్31865 బోర్డు. కొనేటప్పుడు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అదే జాతి పీటీ100 సెన్సర్ కోసం అమ్మే బోర్డులో, పోలికకు వాడే రిఫరెన్స్ రెసిస్టరు 430 ఓమ్‌లు, పీటీ1000కి 4300 ఉండాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, షాపులో అడిగితే "అన్నిటికీ పనిచేస్తుంది" అంటారు. పీటీ1000నే ఎందుకంటే అది డిగ్రీకి దాదాపు 3.85 ఓమ్‌లు మారుతుంది. పొడుగు వైరులో ఒక ఓమ్ కలిసినా పావు డిగ్రీ తేడాతో పోతుంది. అదే పీటీ100 అయితే రెండున్నర డిగ్రీలు తేడా కొట్టేస్తుంది.

సెన్సర్ ఎక్కడ పెట్టామన్నది అంతకన్నా ముఖ్యం. పాతది ప్యానెల్ నుంచి బయటికొచ్చే పైపు మీద, జానెడు దూరంలో, టేపుతో కట్టి ఉంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ప్యానెల్ లోపల నీళ్ళు 70 దాకా కాగినా, కదలని పైపు దగ్గర దానికి ఆ కబురు అందదు. పైగా నేరుగా ఎండ తగిలి ఒక్కోసారి లేని వేడి చూపిస్తుంది. చివరి ప్యానెల్ హెడర్ (పైనున్న అడ్డ గొట్టం) మూతి దగ్గర టీ ఆకారపు జాయింటు వేయించి, సెన్సర్ కూర్చునే ఇత్తడి పాకెట్ లోపలికి దించి, థర్మల్ పేస్టు రాసి, బయట ఇన్సులేషన్ చుట్టాము. ట్యాంకుకి మాత్రం డీఎస్18బీ20లే, పైన ఒకటి, అడుగున ఒకటి. ఈసారి మూడు వైర్లతో.

ఎన్ని డిగ్రీలకు ఆన్, ఎన్నింటికి ఆఫ్ అన్నదాని మీద కాస్త లెక్క చెప్పాలి. పాత ప్రోగ్రాంలో 5కి ఆన్, 4కి ఆఫ్. ఉదయం మోటారు ఆన్ అవగానే పన్నెండు మీటర్ల పైపులో రాత్రంతా చల్లారిన ఆరు లీటర్ల నీళ్ళు ప్యానెల్‌లోకి వస్తాయి. తేడా ఒక్కసారి పడిపోతుంది, మోటారు ఆగుతుంది. మళ్ళీ వేడెక్కుతుంది, మళ్ళీ ఆన్. తొమ్మిదింటి దాకా రిలే టక్కుటక్కుమంటూనే ఉండేది.

మోటారు నిమిషానికి 8 లీటర్లు తిప్పుతుంది. నిండు ఎండలో ఎనిమిది చదరపు మీటర్ల నుంచి, అరవై శాతం అందుతుందనుకుంటే, 4.8 కిలోవాట్ల వేడి వస్తుంది. అంటే ప్యానెల్ గుండా వెళ్ళిన నీళ్ళు ఎనిమిదిన్నర డిగ్రీలు ఎక్కి వస్తాయి. పలచటి ఎండలో మూడు డిగ్రీలే ఎక్కవచ్చు. ఆ మూడూ తక్కువేం కాదు, 1.6 కిలోవాట్లకు పైనే. దానికోసం మోటారు తినేది 100 వాట్లలోపు. 4 డిగ్రీలకే ఆపేస్తే చేతికొచ్చిన ఈ వేడినంతా వదిలేసుకున్నట్టే. మరీ ఒక డిగ్రీ దాకా ఆగుదామంటే సెన్సర్ల తప్పు ఒక్కోదానికి అర డిగ్రీ, పైపుల్లో పోయేది కొంత ఉంటాయి. అందుకని 8కి ఆన్, 3కి ఆఫ్ పెట్టి, ఒకసారి ఆన్ అయితే కనీసం 3 నిమిషాలు తిరగాలన్నాను. పైపులో చల్లటి నీళ్ళు దాటిపోవడానికి ఒక నిమిషం చాలు, మిగతాది నా జాగ్రత్త.

ప్రోగ్రాం మాటల్లో ఇలా ఉంటుంది. వరుస ముఖ్యం, పైనున్నది కిందున్నదాన్ని ఆపేస్తుంది.

ప్యానెల్ సెన్సర్ గానీ, అడుగు సెన్సర్ గానీ చెడితే: మోటారు ఆఫ్, ఎర్ర లైటు.
గడియారం సరిగా ఉండి, రాత్రి 7 నుంచి ఉదయం 5:30 మధ్య అయితే: మోటారు ఆఫ్.
అడుగు 65 దాటితే: మోటారు ఆఫ్, మళ్ళీ 60కి దిగేదాకా.
ప్యానెల్ 95 దాటి ఉంటే: మోటారు మొదలుపెట్టకు.
తేడా 8 గానీ పైన గానీ అయితే: మోటారు ఆన్.
తేడా 3కి దిగి, ఆన్ అయి 3 నిమిషాలు దాటితే: మోటారు ఆఫ్.

మొదటి లైనులో "చెడితే" అన్న ఒక్క మాట వెనకే ప్రోగ్రాంలో సగం ఉంది. వైరు తెగితే డీఎస్18బీ20 లైబ్రరీ −127 ఇస్తుంది, అది పట్టుకోవడం తేలికే. 85తోనే తంటా. ప్రోగ్రాంలో 85ని మొత్తంగా నిషేధించిన వాళ్ళను చూశాను, 84.9 నుంచి 85.1కి నిజంగా ఎక్కే చోట అది పనికిరాదు. నేను నీళ్ళ స్వభావం మీద ఆధారపడ్డాను. 500 లీటర్ల ట్యాంకు నిండు ఎండలో కూడా గంటకు ఎనిమిదిన్నర డిగ్రీలకు మించి ఎక్కలేదు. మోటారు ఆన్ అయినప్పుడు పైనీళ్ళు, అడుగునీళ్ళు కలిసి అడుగు సెన్సర్ కొంచెం గబుక్కున ఎక్కొచ్చు, దానికీ వెసులుబాటు ఇచ్చి, 10 సెకన్లలో 5 డిగ్రీలకు మించి ఎక్కితే ఆ రీడింగ్ చెల్లదన్నాను. పడిపోవడానికి మాత్రం ఈ అడ్డు లేదు. నాలుగు గదుల్లో ఒకేసారి కుళాయిలు తిప్పితే చన్నీళ్ళు అడుగున జొరబడి సెన్సర్ నిజంగానే దబ్బున పడుతుంది. వరుసగా ఆరు రీడింగులు చెల్లకపోతే సెన్సర్ చెడినట్టు.

95 లైను కరెంటు కోత కోసం. ఇది ఓపెన్ సిస్టం, ఎయిర్ వెంట్ ఉంది. మోటారు ఆగినప్పుడు ప్యానెల్‌లో ఆవిరి పుట్టి పైకి పోతుంది. కరెంటు రాగానే ఆ కాలిన రాగి గొట్టాల్లోకి చన్నీళ్ళు తోస్తే పైపులు దబదబా కొట్టుకుంటాయి, జాయింట్లు వదులవుతాయి. చల్లారేదాకా ఆగడమే మేలు, ఒక పూట ఎండ పోయినా సరే.

ఇంకో పరీక్ష కూడా పెట్టాను. మోటారు పది నిమిషాలుగా తిరుగుతున్నా తేడా 25 దాటి ఉంటే నీళ్ళు కదలట్లేదని అర్థం, ఎందుకంటే నిండు ఎండలోనూ ఎనిమిదిన్నరకు మించి ఎక్కకూడదు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎండిపోయి పైపుల్లో గాలి పట్టిన రోజున ఈ లైటే ముందు వెలిగింది. ఫ్లో మీటరు ఖర్చు తప్పింది.

మోటారు రిలే తెరుచుకున్నప్పుడు వచ్చే స్పార్కుకి బోర్డు హ్యాంగ్ అవడం ఈ పనిలో పాత గొడవే. రిలే కాంటాక్టుల మీద 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరుతో స్నబ్బర్ (స్పార్కును మింగే సర్క్యూట్) వేసి, బోర్డు హ్యాంగైతే దానంతటదే రీస్టార్ట్ చేసే 8 సెకన్ల వాచ్‌డాగ్ పెట్టాను. హీటర్‌కి 25 ఆంపియర్ల కాంటాక్టరు (పెద్ద రిలే లాంటిది), దాని ముందు కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ.

హీటర్ ప్రోగ్రాం రాయడమే నాకు బాగా నచ్చిన భాగం. కొత్త రాడ్‌ని ట్యాంకు మధ్యలో, పక్కనుంచి బిగించాము. అది పై సగాన్నే వేడి చేస్తుంది, అడుగు సగం పొద్దున్న ఎండ కోసం చల్లగా మిగులుతుంది. 250 లీటర్లను ఒక డిగ్రీ ఎక్కించడానికి 3 కిలోవాట్లతో పట్టేది 5.8 నిమిషాలు. డిగ్రీకి 6 నిమిషాలు అనుకుంటే లెక్క నోటితోనే అయిపోతుంది. 4 గంటలకు 60 కావాలి, పైభాగం ఇప్పుడు 47 ఉంది. 13 డిగ్రీలు, 78 నిమిషాలు, ఇంకో 20 నిమిషాలు చేతిలో ఉంచుకుంటే 2:22కి మొదలుపెట్టాలి. సాయంత్రమే మొదలుపెట్టి రాత్రంతా కాచి ఉంచడం కన్నా ఇదే నయం. ఆదివారాలకు 60, మిగతా రోజులకు 50. గడియారం డీఎస్3231, కరెంటు పోయినా బటన్ సెల్ మీద నడుస్తుంది.

అడుగున ఉన్న పాత రాడ్‌ని తీసేయలేదు. వారం మధ్యలో గదులు ఖాళీగా ఉండి నీళ్ళు 35, 40 డిగ్రీల దగ్గర రోజుల తరబడి నిలిస్తే లీజియొనెల్లా బాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. 60 దగ్గర అది బతకదు. ఏడు రోజుల్లో ఒక్కసారైనా అడుగు సెన్సర్ 60 తాకకపోతే శనివారం రాత్రి ఆ రాడ్‌తో మొత్తం ట్యాంకును 60కి తెచ్చి గంటసేపు ఉంచుతుంది. రెండు రాడ్లు ఒకేసారి ఆన్ కాకుండా ఇంటర్‌లాక్ ఉంది. ఎండాకాలంలో దీని అవసరం రాదు, ముసురు పట్టిన వారాల్లోనే.

ఓనరుగారు 70 పెట్టమన్నారు. వద్దన్నాను. ఆ బోరు నీళ్ళకు వేడి పెరిగేకొద్దీ సున్నం ఇంకా త్వరగా కడుతుంది, కుళాయి కింద చెయ్యి పెట్టిన పిల్లవాడికి బొబ్బలెక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు ఎలాగూ 65 తాకి ఆగుతుంది. అప్పుడు నాలుగు ప్యానెళ్ళలో రెండింటి మీద గ్రీన్ నెట్ కప్పమన్నాను. రాత్రి మోటారు తిప్పి వేడి బయటికి వదిలే ప్రోగ్రాం రాయొచ్చు గానీ, అంత ప్రయాసపడి ఆపించిన రాత్రి మోటారును మళ్ళీ నేనే తిప్పితే వాచ్‌మన్ ఊరుకోడు.

ఇప్పుడు డిసెంబరు రాత్రి ట్యాంకు పైభాగం తెల్లారేసరికి నాలుగు డిగ్రీలు దిగుతోంది. ఎండ బాగున్న మామూలు రోజుల్లో హీటర్ వెలగడమే లేదు. నిండిన ఆదివారాలకు లెక్క సరిగ్గా సరిపోతుంది. ట్యాంకంతా 60కి చేరితే, ఆ 500 లీటర్లను 24 డిగ్రీల చన్నీళ్ళతో 40కి కలిపితే 1100 లీటర్ల పైచిలుకు, ఇరవై లీటర్ల బకెట్లు 55 దాకా.

క్యాలెండరులో పెట్టలేనిది రథసప్తమి. మాఘ శుద్ధ సప్తమి 2025లో ఫిబ్రవరి 4న వచ్చింది, 2026లో జనవరి 25న. పంచాంగాన్ని ఆ చిన్న బోర్డులో రాసే ఓపిక నాకు లేదు. అందుకని "రద్దీ" అని ఒక బటన్ పెట్టాను. నొక్కితే ఆ ఒక్క రాత్రికి 60, ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే 4 గంటలకు బదులు అర్ధరాత్రికి. హీటర్ ఎన్నింటికి మొదలవుతుందో డిస్‌ప్లే మీద కనిపిస్తుంది. మేనేజరు మొదట్లో రోజూ నొక్కేవాడు, పైభాగం అప్పటికే 58 దాటి ఉంటే నొక్కినా లైటే వెలుగుతుంది, హీటర్ వెలగదు. ఆయనకు ఆ లైటు చాలు.

రథసప్తమి నాడు మాత్రం బటన్ సరిపోదని ముందే చెప్పాను. జనం అర్ధరాత్రి నుంచే వస్తారు, నిండు ట్యాంకు రెండు గంటల్లో ఖాళీ. ఆ తర్వాత 3 కిలోవాట్ల రాడ్ గంటకు ఇవ్వగలిగేది 60 డిగ్రీల నీళ్ళు 72 లీటర్లు, కలుపుకుంటే ఎనిమిది బకెట్లు. ఆ రాత్రికి లాడ్జి వాళ్ళు ఎప్పటిలాగే పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి గుండిగ ఎక్కిస్తున్నారు.